కడకన్ను

కాగితం మొదటి పేజీలోనే రాశారు:
ఈ పరిశోధన వల్ల మీకు ప్రత్యక్షంగా
ఏ లాభమూ ఉండకపోవచ్చు.
డెబ్బై ఒక్కేళ్ళలో ఇంత నిజాయితీగా
నాతో ఎవరూ బేరమాడలేదు.
సంతకం పెట్టేశాను.

హ్యూవాన్ లోయ యాపిల్ షెడ్డులో
నలభై ఏళ్ళు కళ్ళతోనే కూలి చేశాను.
బెల్టు మీద దొర్లుకొచ్చే కాయల్లో
మచ్చనీ, దెబ్బనీ, పురుగు తొలిచిన సూదిబెజ్జాన్నీ
చెయ్యి కంటే ముందు చూపే ఏరి పారేసేది.
కళ్ళు కాయలు కాయడమంటే ఏమిటో
నన్నడగండి.

మా అమ్మ చూపు అంచుల నుంచి అరిగింది,
రొట్టెని ఎలుక కొరికినట్టు, చప్పుడు లేకుండా.
ముందు గడపలు తగిలాయి,
తర్వాత బల్లల మూలలు, తర్వాత మనుషులు.
ఎదురుగా ఉన్న ముఖం మాత్రం
తాళంకప్ప కన్నంలోంచి చూసినట్టు
చివరిదాకా కనిపించేది.
"నువ్వొక్కదానివే మిగిలావే, వెర్నా" అనేది
గదిలో మేం ఐదుగురం ఉండగా.

హోబర్ట్‌లో మూడో అంతస్తు.
బ్రైడీ అనే అమ్మాయి, ఒకే చెవికి మూడు పోగులు,
తెల్లటి గిన్నెలాంటి యంత్రానికి నా గడ్డం ఆనించి
"నడిమి చుక్కనే చూడండి" అంది.
"పక్కన ఎక్కడైనా వెలుగు మెరిస్తే మీట నొక్కండి,
దానివైపు మాత్రం చూడకండి."

మెరిసింది. నొక్కాను.
మెరిసిందనుకున్నాను. నొక్కాను.
మెరవలేదు.
అయినా నొక్కాను.
"కొంచెం తొందరపడుతున్నారు" అంది మెల్లగా.
లేని వెలుగుకి ఎవరు మీట నొక్కుతారో
యంత్రానికి తెలుసట.
ఆశకి కూడా ఒక అంకె వేసి
కాగితం మూలన అచ్చేస్తుందట.

తర్వాత బల్ల మీద మా వంశాన్ని పరిచింది.
ఆడవాళ్ళు గుండ్రాలు, మగవాళ్ళు చదరాలు,
చూపు పోయినవాళ్ళ లోపల నల్లసిరా.
అమ్మ నల్ల గుండ్రం. తాత నల్ల చదరం.
ఒక గీత పట్టుకుని పైకెక్కి, మళ్ళీ కిందికి దిగితే
ఖాళీ చదరం: లిండ్సే.
మా పెద్దమ్మ కొడుకు.
కంచె నాలుగడుగులు ఇటా అటా అని
ఇరవై ఆరేళ్ళుగా మాటల్లేవు.
ఆ కాగితం మీద కంచె గీయలేదు వాళ్ళు.

"ఈయన్ని పిలిచే వీలుందా?"
"నంబరు తెలీదు" అన్నాను.
తెలుసు.
ఆ అబద్ధాన్ని పట్టే యంత్రం
ఆ గదిలో లేదు.

ఇంటికొచ్చి మూడు వారాలు ఊరుకుని
ఒక పోస్టుకార్డు రాశాను:
కళ్ళు చూపించుకో. డబ్బు అడగరు.
కింద పేరు పెట్టలేదు.
మా ఇద్దరికీ అక్షరాలు దిద్దించింది ఒక్క తాతే.

ఏప్రిల్‌లో మళ్ళీ వెళ్ళాను, కోతల మధ్యలో.
నా అంచులు ఇప్పటికి పదిలమేనట.
చుక్కలు వేసి వరండాలో కూర్చోబెట్టారు.
కిటికీ వెలుగంతా ఒలికిన పాలైంది.
పక్క కుర్చీలో ఎవరో మగమనిషి
ఒక కాగితాన్ని ముక్కుకి ఆనించుకుని, చేయి చాచి దూరం పట్టుకుని
"బస్సు చార్జీల ఫారమట. కాస్త చదివిపెడతారా?"
"నాకూ చుక్కలు వేశారండీ."
నవ్వుకున్నాం.
తర్వాత ఆయన గొంతు సవరించుకున్నాడు.
అది మా తాత దగ్గు.

నేను తల తిప్పలేదు.
ఎదుటి గోడకున్న మేకునే చూస్తూ
కడకంటితో వాడి ఆకారాన్ని పట్టుకున్నాను:
వంగిన భుజం, మోకాలి మీద టోపీ,
టోపీ మీద గంధకం మందు వాసన.
వాడూ ఆ గోడతోనే అన్నాడు,
"కాయలు కోయించావా?"
"సగం. తక్కినవి చిలకల పాలు."

చాలాసేపటికి
"ఇందులో మనకేమైనా ఒరిగేది ఉందా?" అన్నాడు.
"మొదటి పేజీలోనే ఉంది," అన్నాను, "లేదని."

సంతకం ఎక్కడ పెట్టాలో వెతికాం,
వాడి వేలూ నా వేలూ కాగితం మీద తడుముతూ.
గీత ఎక్కడుందో
ఇద్దరికీ కనబడలేదు.